సీరియల్ నంబర్ సరిపోయింది, మరి ఈ జాజ్ బేస్ అసలుదేనా?

మీరు అడిగింది ఇదీ: సెకండ్‌హ్యాండ్‌లో ఫెండర్ కంపెనీ వాళ్ల జాజ్ బేస్ అనే బేస్ గిటార్ ఒకటి అమ్మకానికి కనిపించింది. అమెరికాలో తయారైందని, 2005 నాటిదని అమ్మే ఆయన అంటున్నారు. హెడ్‌స్టాక్ (గిటార్ తల భాగం) మీద సీరియల్ నంబర్ ‘జెడ్ 5’తో మొదలవుతోంది. కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే సంవత్సరం కూడా సరిపోయింది. ఫొటోలు బాగున్నాయి. ధర మాత్రం మిగతావాళ్లు చెప్పేదాంట్లో సగమే. కొనొచ్చా, నకిలీ అయితే ఎలా తెలుస్తుంది?

సూటిగా చెబుతాను. ఇంతవరకూ తెలిసిన వివరాలతో అయితే కొనకండి. సీరియల్ నంబర్ సరిపోయిందంటే ఆ నంబర్ ఉన్న గిటార్ ఒకటి ఎక్కడో తయారైందని అర్థం, అంతే. మీ ముందున్నది అదేనని కాదు. ఎవరిదో అసలు గిటార్ ఫొటోలోంచి నంబర్ తీసుకుని ఇంకోదాని మీద వేయడం పెద్ద పనేం కాదు. ఒకే నంబర్ ఉన్న రెండు బేస్‌లు కొన్ని నెలల తేడాతో నా బల్ల మీదకే వచ్చాయి. రెండూ నకిలీవే.

కొనాలనుకుంటే మూడు చోట్ల చూడాలి. నెక్ విప్పి అది బాడీలో కూర్చునే గుంట, అంటే నెక్ పాకెట్. నాబ్‌లు ఉండే కంట్రోల్ ప్లేట్ కింద పాట్‌లు (వాల్యూమ్, టోన్ మార్చే పొటెన్షియోమీటర్లు), వైరింగ్. ఆ మోడల్‌కి ఆ ఏడాదిలో ఉండాల్సిన ప్రత్యేక లక్షణాలు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొంతన కుదరాలి.

మీ గిటార్ విషయంలో స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేని పరీక్ష ఒకటుంది. 2000 నుంచి 2007 వరకు ఫెండర్ అమెరికాలో చేసిన ఈ మామూలు శ్రేణి పేరు ‘అమెరికన్ సిరీస్’. ‘అమెరికన్ స్టాండర్డ్’ అనే పాత పేరు 2008లో తిరిగి వచ్చింది. 2003 తర్వాత ఆ అమెరికన్ సిరీస్ జాజ్ బేస్‌లలో ఒక వాల్యూమ్ నాబ్ నడిమధ్యలో చిన్న బటన్ ఉండేది. దాన్ని ఎస్-1 స్విచ్ అనేవాళ్లు. అది నొక్కితే రెండు పికప్‌లూ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) ప్యారలల్ కనెక్షన్ నుంచి సిరీస్ (ఒకదాని వెనక ఒకటి) కనెక్షన్‌లోకి మారతాయి, సౌండ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. ‘ఇది 2005 అమెరికన్ సిరీస్’ అని ఆయన అంటే, ఆ నాబ్ పై నుంచి దగ్గరగా ఫొటో పంపమనండి. బటన్ లేకపోతే ఎందుకు లేదో అడగండి. కొందరు ఆ స్విచ్ నచ్చక తీయించేసి మామూలు పాట్‌లు వేయించుకున్నారు, కాబట్టి అది లేనంత మాత్రాన నకిలీ అనేయకండి. కానీ అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. తన గిటార్ గురించి తెలిసిన మనిషి దానికి వెంటనే జవాబు చెబుతాడు.

నేను ఇరవై ఏళ్లకు పైగా బేస్ వాయిస్తున్నాను, అందులో పద్నాలుగేళ్లుగా రిపేర్లు, సెటప్‌లు కూడా చేస్తున్నాను. ‘కొనేశాను, ఒకసారి చూసి చెప్పండి’ అంటూ తెచ్చేవాళ్లే ఎక్కువ. కొనకముందు అడిగారు, చాలా మంచి పని చేశారు.

ముందు ఒక మాట స్పష్టం చేసుకుందాం. కాపీ వేరు, నకిలీ వేరు. జాజ్ బేస్ ఆకారంలో ఉండి వేరే కంపెనీ తన సొంత పేరుతో అమ్మేది కాపీ. అందులో మోసం లేదు. తన స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్ గిటార్లు, ప్రెసిషన్ బేస్ బాడీ ఆకారాల మీద ట్రేడ్‌మార్క్ కావాలని ఫెండర్ అడిగితే, 2009లో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు కుదరదని తేల్చింది. చాలా కంపెనీలు అలాంటి ఆకారాల్లో చేస్తూ వచ్చాయి. 1970లలో జపాన్‌లో గ్రెకో, టోకై, ఐబనెజ్ లాంటి పేర్లతో వచ్చిన కాపీల్లో కొన్ని చాలా మంచి వాద్యాలు. పేరు, లోగో దొంగిలించినప్పుడే అది నకిలీ.

నకిలీల్లో నా దగ్గరికి వచ్చేవి మూడు రకాలు. మొదటిది, ఫ్యాక్టరీలోనే దొంగ లోగోతో తయారైనది. రెండోది, ఫెండర్‌దే అయిన స్క్వయర్ లాంటి చవక శ్రేణి గిటార్ మీద అసలు పేరు చెరిపేసి ఫెండర్ లోగో అంటించినది. మూడోది, వేర్వేరు గిటార్ల విడిభాగాలు కలిపి ఒకే పాత గిటార్‌గా చూపించేది. మొదటి రకం పట్టుకోవడం తేలిక. రెండోది కాస్త కష్టం. మూడోదాంట్లో చాలా భాగాలు నిజంగానే అసలువి ఉంటాయి కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు.

ఆ మూడో రకంది ఒకటి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎలా చూడాలో దాని నుంచే నేను నేర్చుకున్నాను.

నాతో కలిసి వాయించే ఒకాయన 1978 జాజ్ బేస్ అని ఒకటి బేరమాడాడు. డబ్బు ఇచ్చే ముందు నన్ను తోడు రమ్మన్నాడు. హెడ్‌స్టాక్ మీద నంబర్ ‘ఎస్ 8’తో మొదలైంది. 1978కి అది సరైనదే. లోగో ఆ కాలం నాటి తీరులోనే ఉంది. ట్రస్ రాడ్ (నెక్ వంపు సర్దే లోపలి కడ్డీ) చివర హెడ్‌స్టాక్ వైపు బుల్లెట్ ఆకారంలో బయటికి కనిపిస్తోంది, అదీ ఆ కాలానిదే. ముందు వైపు చూస్తే నాకూ నచ్చింది. వెనక్కి తిప్పాను. నెక్ ప్లేట్‌కి నాలుగు బోల్టులు ఉన్నాయి.

1970ల మధ్య నుంచి ఆ దశాబ్దం చివరిదాకా జాజ్ బేస్‌కి నెక్‌ను మూడు బోల్టులతోనే బిగించేవారు. ప్లేట్ మీద పెద్ద ‘ఎఫ్’ అక్షరం, నెక్ కోణం సర్దడానికి మైక్రో టిల్ట్ అనే ఏర్పాటు ఉండేవి. అదే కాలంలో ఫెండర్ వాళ్ల ఇంకో మోడల్ ప్రెసిషన్ బేస్ మాత్రం నాలుగు బోల్టులతోనే వచ్చేది. ఇక్కడే చాలామంది పొరబడతారు. అమ్మే ఆయన్ని అడిగితే, ‘మూడు బోల్టులు వదులవుతాయని పాత యజమాని నాలుగు వేయించాడు’ అన్నారు. అలా చేయించుకున్నవాళ్లు నిజంగానే ఉన్నారు. సరే అనుకున్నాం.

కంట్రోల్ ప్లేట్ స్క్రూలు తీసి ఎత్తాను. టార్చ్ వేసి పాట్ వెనకున్న అంకెలు చదివాను: 1379231. మొదటి మూడు అంకెలు తయారీదారు కోడ్. 137 అంటే సీటీఎస్ కంపెనీ. తర్వాతి రెండు సంవత్సరం, చివరి రెండు వారం. అంటే 1992లో 31వ వారం. ‘పాట్‌లు పాడైతే మార్చారు’ అన్నారు. అదీ జరిగేదే, పాట్‌లు అరిగిపోతాయి. కానీ సోల్డర్ చూస్తే మొత్తం వైరింగ్ ఒకేసారి, ఒకే చేతితో చేసినట్టుంది. పాత తీగ ముక్క ఒక్కటీ లేదు.

అప్పుడు నెక్ విప్పుదామన్నాను. ఆయన కాసేపు తటపటాయించి ఒప్పుకున్నారు. తీగలు వదులు చేసి, నాలుగు స్క్రూలూ తీసి, నెక్‌ను నిదానంగా పైకి లేపాను. పాకెట్‌లో సరిగ్గా నాలుగు రంధ్రాలున్నాయి. మూడు బోల్టుల పాత రంధ్రాల జాడ లేదు, పూడ్చిన గుర్తు లేదు, వేరే చెక్క ముక్క కొట్టిన మచ్చ లేదు. నెక్ మడమ (పాకెట్‌లో కూర్చునే చివర) మీద మైక్రో టిల్ట్ స్క్రూ ఆనుకోవడానికి గుండ్రటి లోహపు బిళ్ల ఉండాలి, అదీ లేదు. ఆ బాడీకి ఎప్పుడూ మూడు బోల్టులు లేవు. అంటే ఆయన చెప్పిన మొదటి మాటే నిలబడలేదు.

విడివిడిగా చూస్తే ప్రతి తేడాకీ ఒక నమ్మదగిన కారణం ఉంది. పాట్‌లు మార్చి ఉండొచ్చు, బోల్టు వేయించి ఉండొచ్చు, రంగు మళ్లీ వేయించి ఉండొచ్చు. కానీ అలాంటి మార్పు జరిగితే దాని మచ్చ చెక్క మీద మిగలాలి. కారణం చెప్పినప్పుడల్లా ఆ కారణం వదిలి వెళ్లే గుర్తు కోసం వెతకండి. నేను ఇప్పటికీ ఇలాగే చూస్తాను. అమ్మే ఆయన అబద్ధం చెప్పారని కూడా నేను అనను. ఆయనకూ ఎవరో అలాగే చెప్పి అమ్మి ఉండొచ్చు.

ఇక ఒక్కో చోట ఏం చూడాలో చెబుతాను.

హెడ్‌స్టాక్. లోగో అక్షరాల అంచులు, అక్షరాల మధ్య ఖాళీ అదే ఏడాది నాటి అసలు ఫొటోతో పోల్చండి. వేలితో మెల్లగా తడమండి. 1960ల మధ్యలో లోగో డెకాల్‌ను, అంటే పల్చటి స్టిక్కర్‌ను, పాలిష్ మీదే అంటించేవారు, ఆ దశాబ్దం చివరికి వచ్చేసరికి పాలిష్ కిందకి వెళ్లింది. కాబట్టి లోగో అంచు చేతికి తగలడం తప్పా ఒప్పా అనేది సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. మీ 2005 గిటార్‌కి పొట్టులా లేచిన అంచు, చుట్టూ పసుపు రంగు తేడా ఉంటే అనుమానించాలి. లోగో కింద పాత పేరు గీకిన ఛాయ కనిపిస్తుందేమో టార్చ్‌ను పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. స్క్వయర్ పేరు చెరిపిన హెడ్‌స్టాక్‌లు అలాగే దొరికిపోతాయి. ఆ చోట మెరుపు మిగతా చోట్లకంటే కాస్త మందంగానో, కాస్త మసకగానో ఉంటుంది.

నంబర్ల విషయానికొస్తే: 1970ల చివరికి ‘ఎస్’, 1980లకి ‘ఈ’, 1990లకి ‘ఎన్’, 2000 తర్వాత ‘జెడ్’, 2010 నుంచి ‘యూఎస్’ అనేవి అమెరికా తయారీ గుర్తులు. ‘ఎమ్’ అక్షరంతో మొదలయ్యేవి మెక్సికోవి. మెక్సికో గిటార్లు అసలువే, మంచివే. అక్కడి నంబర్ ఉన్నదాన్ని అమెరికా గిటార్ ధరకి అమ్మితేనే తప్పు. ఒక ఏడాది అటూ ఇటూ తేడా వస్తే కంగారు పడకండి, నెక్‌లు ముందే చేసి నిల్వ పెట్టుకునేవారు. 1976కి ముందు నంబర్ నెక్ ప్లేట్ మీద ఉండేది. ప్లేట్ నాలుగు స్క్రూల పని, ఎవరైనా మార్చగలరు.

నెక్, పాకెట్. నెక్ మడమ మీద, పాకెట్‌లో ముద్రలు, పెన్సిల్ రాతలు, తేదీలు, చిన్న స్టిక్కర్లు కాలాన్ని బట్టి ఉంటాయి. అవి లేకపోయినా అసలుది కావచ్చు. కానీ ఉన్నవి ఒకదానికొకటి విరుద్ధంగా ఉండకూడదు. మడమ మీద ‘లైసెన్స్‌డ్ బై ఫెండర్’ అని ముద్ర ఉంటే అది విడిగా అమ్మే నెక్. అది మంచి నెక్కే కావచ్చు, కానీ ఫ్యాక్టరీలో ఆ గిటార్‌కి వేసింది కాదు. దాని మీద ఫెండర్ లోగో ఉంటే ఎవరో తర్వాత అంటించిందే.

కొలతలు. చిన్న టేపు తీసుకెళ్లండి. నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) వరకు కొలిచి రెట్టింపు చేస్తే స్కేల్, అంటే తీగ మోగే పొడవు, వస్తుంది. జాజ్, ప్రెసిషన్ రెండింటికీ 34 అంగుళాలు. జాజ్ బేస్ నట్ వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే దాదాపు 38 మిల్లీమీటర్లు. బాడీ మందం అంగుళంముప్పావు దగ్గర, అంటే 44, 45 మిల్లీమీటర్లు ఉంటుంది. చవక శ్రేణుల్లో కొన్ని బాడీలు ఇంతకంటే సన్నగా ఉంటాయి. లోగో మార్చిన గిటార్ ఇక్కడ దొరికిపోతుంది, ఎందుకంటే బాడీ మందం ఎవరూ మార్చలేరు.

లోపలి సామాను. అమెరికా గిటార్లలో సాధారణంగా పెద్ద సైజు పాట్‌లు ఉంటాయి. చవకవాటిలో బొటనవేలి గోరంత చిన్న పాట్‌లు, ప్లాస్టిక్ సాకెట్లతో కలిపిన తీగలు కనిపిస్తాయి. పాట్ మీద తేదీ కోడ్ ఉంటే నేను పైన చెప్పినట్టు చదవండి. పాట్ గిటార్ కంటే పాతది కావచ్చు, ఫ్యాక్టరీలో నిల్వ ఉన్నది వాడి ఉంటారు. గిటార్ కంటే కొత్తది అయితే మాత్రం అది తర్వాత వేసిందే. కోడ్ లేని పాట్‌లూ ఉంటాయి, దాన్ని బట్టి తీర్పు చెప్పొద్దు.

పికప్ తిప్పి చూసే వీలుంటే అడుగు భాగం చూడండి. అక్కడ ఒక పెద్ద అయస్కాంతపు పట్టీ అంటించి ఉంటే అది చవక రకం. మంచి పాత తరహా పికప్‌లలో పైకి కనిపించే ఆ గుండ్రటి పోల్‌పీస్‌లే అయస్కాంతాలు. చవక శ్రేణి అసలు గిటార్లలో కూడా పట్టీ రకం ఉంటుంది, కాబట్టి ‘అమెరికా గిటార్’ అన్నప్పుడే దీన్ని పట్టించుకోవాలి. మల్టీమీటర్ ఉంటే, జాక్‌లో కేబుల్ పెట్టి ఒక్కో పికప్ రెసిస్టెన్స్ చూడొచ్చు. జాజ్ పికప్‌కి 7, 8 వేల ఓమ్‌లు, ప్రెసిషన్‌కి 10, 11 వేలు దగ్గర రావడం మామూలు. ఇది అసలు నకిలీ తేల్చదు గానీ, చచ్చిపోయిన పికప్ ఉంటే బయటపడుతుంది. బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్‌కి ఈ పరీక్ష పనికిరాదు.

అరుగుదల. నాకు ఇష్టమైన పరీక్ష ఇదే. వాయించిన గిటార్ చెయ్యి పడే చోట అరుగుతుంది. ముంజేయి ఆనే అంచు, బొటనవేలు ఆనించే పికప్ అంచు, బెల్టు బకిల్ తగిలే వెనక భాగం. బాడీ మీద రంగు చెక్క కనిపించేదాకా లేచిపోయి ఉంటే, ఫ్రెట్‌ల మీద తీగల గాడులు ఉండాలి, లేదా ఫ్రెట్‌లు మార్చిన ఆనవాలు ఉండాలి. ఫ్రెట్‌లు నిగనిగలాడుతూ బాడీ మాత్రం యాభై ఏళ్ల కచేరీలు చూసినట్టుంటే, ఆ పాతదనం ఎవరో ఉప్పు కాగితంతో తెచ్చిందే.

ఫెండర్ సంగతి ఇలా ఉంటే, రికెన్‌బ్యాకర్ అనే ఇంకో అమెరికా కంపెనీ బేస్‌లు కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 4001, 4003 మోడళ్ల నకిలీలు నేను చాలా చూశాను. ఒక విద్యార్థి తన ఏడాది దాచుకున్న డబ్బుతో 4001 కొని నా దగ్గరికి తెచ్చాడు. పెట్టె తెరిచి వెనక్కి తిప్పగానే నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే వెనక నాలుగు స్క్రూలతో నెక్ ప్లేట్ ఉంది. ఆ మోడళ్లకి నెక్ చెక్కే బాడీ చివరిదాకా సాగుతుంది, బోల్టులు ఉండనే ఉండవు. అమ్మినవాళ్లు ఫొటోల్లో ఒక్కటీ వెనక వైపుది పెట్టలేదు. అతనూ అడగలేదు. దాని స్కేల్ 33 అంగుళాల పావు ఉండాలి, కొలిస్తే 34 వచ్చింది. హెడ్‌స్టాక్ మీద మూత విప్పితే ట్రస్ రాడ్ ఒకటే ఉంది, అసలు 4001లో రెండు ఉంటాయి. రికెన్‌బ్యాకర్ తన గిటార్లు అమెరికాలోనే చేస్తుంది, ‘ఇది వేరే దేశంలో చేసిన చవక శ్రేణి’ అని ఎవరైనా అంటే అలాంటిది లేదు. ఆ పిల్లాడి ముఖం గుర్తొచ్చినప్పుడల్లా, వెనక వైపు ఒక్క ఫొటో అడిగి ఉంటే అయిపోయేది కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. అనుమానం ఎక్కువైతే అసలువాటిని కూడా పోగొట్టుకుంటాం. ఒకసారి నేను ఒక ప్రెసిషన్‌ని ట్యూనర్లు వేరేవి, పిక్‌గార్డ్ కొత్తది, నాబ్‌లు తేడాగా ఉన్నాయని వద్దనేశాను. తర్వాత దాన్ని కొన్న మిత్రుడు విప్పి చూపిస్తే పాకెట్, మడమ తేదీ, పికప్‌లు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. వాయించేవాడి చేతిలో ఉన్న గిటార్‌కి ట్యూనర్లు, నాబ్‌లు, బ్రిడ్జి మారతాయి. సులువుగా మారేవాటి ఆధారంగా తీర్పు చెప్పకండి. చెక్క, రంధ్రాలు, పాకెట్, రౌటింగ్ (పికప్‌లు, వైరింగ్ కోసం చెక్కలో తొలిచిన గుంటలు) చూడండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది. వెళ్లకముందే ఈ ఫొటోలు అడగండి: హెడ్‌స్టాక్ ముందూ వెనకా, బాడీ వెనక వైపు మొత్తం, నెక్ ప్లేట్ దగ్గరగా, బ్రిడ్జి, వాల్యూమ్ నాబ్ పై నుంచి, కంట్రోల్ ప్లేట్ ఎత్తిన తర్వాత లోపల. ఒక కాగితం మీద ఆ రోజు తేదీ రాసి గిటార్ పక్కన పెట్టి తీయమనండి. ఇది అవమానించడం కాదు, ఆ గిటార్ నిజంగా ఆయన దగ్గరుందని తెలియడానికి. ఆయన మొదట పెట్టిన ఫొటోలను ఇమేజ్ సెర్చ్‌లో వేయండి. అవే ఫొటోలు వేరే ప్రకటనలో కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

చూడటానికి వెళ్లేటప్పుడు స్టార్ స్క్రూడ్రైవర్, టార్చ్, టేపు, మీ కేబుల్ పట్టుకెళ్లండి. నెక్ విప్పాలంటే ముందు అడిగి, ఆయన సరేనన్నాకే, తీగలు పూర్తిగా వదులు చేసి విప్పండి. 1960ల నాటి విలువైన వాద్యమైతే యజమాని మిమ్మల్ని విప్పనివ్వకపోవచ్చు. అది న్యాయమే. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక గిటార్ టెక్నీషియన్ దగ్గరికి వెళ్లండి, ఖర్చు మీరు పెట్టుకోండి. 2005 గిటార్‌కి మాత్రం టెక్నీషియన్ ముందు కూడా వద్దు అంటే, అడ్వాన్స్ ఇవ్వకండి.

సగం ధర గురించి. డబ్బు అవసరం వచ్చి తక్కువకి అమ్మేవాళ్లు ఉంటారు, అది అబద్ధం కాదు. కానీ అలాంటివాళ్లు సాధారణంగా చూసుకోమనే అంటారు, విప్పుకోమనే అంటారు. ధర తక్కువ, తొందర ఎక్కువ, ‘ఇంకొకరు సాయంత్రం వస్తున్నారు’ అనే మాట, ఈ మూడూ కలిసి వస్తే నేను లేచి వచ్చేస్తాను.

వాల్యూమ్ నాబ్, పాకెట్ ఫొటోలు వచ్చాక ఇక్కడే పెట్టండి. పాట్ మీద అంకెలు మసకగా ఉంటే కనిపించినంత వరకు రాయండి, చదివి చెబుతాను.